సారు బదులు భీముడు

విశాఖపట్నం నుంచి అరకుకి మనుషుల్ని తీసుకొచ్చే కార్ల డిక్కీలో ఒక బకెట్టు, ఒక పాత చీర ముక్క, ఒక ఫినాయిలు సీసా తప్పకుండా ఉంటాయి. శృంగవరపుకోట దాటి కొండ ఎక్కడం మొదలయ్యాక ఆ మలుపులు చాలామందికి పడవు. కిటికీ అద్దం దించేలోపే సీటు మీద అయిపోతుంది. కిల్లో భీముడు పెళ్లి కాకముందు నుంచీ ఆ దారిలో పరాయివాళ్ల వాంతులు కడుగుతూనే ఉన్నాడు. వాగు పక్కన బండి ఆపి, నీళ్లు తెచ్చి, సీట్ల సందుల్లో వేళ్లు పెట్టి తుడిచేవాడు. ఎక్కినవాళ్లు దూరంగా నిలబడి కొండల్ని ఫోటోలు తీసుకుంటూ ఉండేవారు.

"నీకు అసయ్యం ఎయ్యదేటి?" అని భార్య రత్న కొత్తలో అడిగింది.

"కడుపులో తిప్పితే ఎవులేటి సేత్తారు? అది ఆల సేతిలో నేదు కదా," అన్నాడు భీముడు.

అతనికి అసహ్యం కలిగించేవి వేరే ఉండేవి. తాగేసిన సీసాల్ని నడుస్తున్న కారులోంచి లోయలోకి విసిరేవాళ్లు, సంతకి నడిచి వెళ్తున్న ముసలావిడ పక్కన బండి ఆపించి ముక్కుపోగులు కనిపించేలా ఇటు తిరగమనేవాళ్లు, "మీవాళ్లు నిజంగా చీమలు తింటారా?" అని అద్దంలో అతని మొహం చూస్తూ అడిగేవాళ్లు. వీళ్లందరినీ హోటల్లో దించాక అతనికి మాత్రం అక్కడ చోటుండదు. డ్రైవరు కూడా ఎక్కడో ఒకచోట పడుకోవాలని ఆ హోటళ్లు కట్టినవాళ్లకి తోచలేదు. చలికాలం మంచు అద్దాల మీద నీళ్లై కారుతుంటే సీటు వెనక్కి వాల్చుకుని ముసుగు తన్నడమే. తెల్లారాక మొహం కడుక్కోవాలంటే తోటమాలి గొట్టం దగ్గర నిలబడాలి.

అయినా కారు సొంతం. ఊరు కూడా దగ్గరే, సుంకరమెట్ట దారిలో కొండ వాలున. కాఫీ మొక్కలు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం, కూతురు బేబి చదువుకుంటోంది. ఆ పిల్ల ఇంటర్ అయ్యాక విశాఖలో హోటలు పని నేర్పే కోర్సులో చేరింది. కౌంటర్లో నిలబడే ఉద్యోగం చేస్తానంది. తను ఎప్పుడూ బయటి నుంచే చూసిన అద్దాల తలుపుల లోపల తన గుంట నిలబడుతుందంటే భీముడికి నవ్వు ఆగేది కాదు.

ఆ ఉద్యోగానికి సర్వేశ్వరరావు మాట సాయం చేశాడు.

సర్వేశ్వరరావు విశాఖలో ఒక మందుల కంపెనీలో పెద్ద మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ కంపెనీ ఖర్చు మీద ఊరూరా తిరిగాడు. ఎక్కడికి వెళ్లినా ఒకే గ్రూపు హోటళ్లలో దిగేవాడు. అలా దిగినందుకు ఆ గ్రూపు వాళ్లు పాయింట్లు ఇచ్చేవారు. ఆ పాయింట్లు పెట్టి ఎప్పుడైనా గది ఉచితంగా తీసుకోవచ్చు. అయితే షరతు ఒకటుంది. ఏడాదిలో ఒక్క రోజైనా వాళ్ల హోటల్లో బస చెయ్యకపోతే కూడబెట్టినవన్నీ ఒక్కసారే మాయమైపోతాయి. అందుకని ఆయన రిటైరైన దగ్గర్నుంచి ఏటా వానాకాలంలో భీముడి బండి మాట్లాడుకుని అరకు వచ్చేవాడు. ఆ గ్రూపు హోటళ్లలో వానలప్పుడు అరకులో గదే అన్నిటికంటే చవక.

వచ్చి ఏమీ చూసేవాడు కాదు. బొర్రా గుహలు కాదు, కాఫీ తోటలు కాదు. సాయంత్రం గదిలో దూరేవాడు, పొద్దున్న బఫేలో కడుపు పగిలేలా తినేవాడు, బయల్దేరేవాడు. "ఈ ఏటికి బతికించేశాం రా భీముడూ!" అనేవాడు తిరుగు దారిలో, ఆసుపత్రి నుంచి మనిషిని ఇంటికి తెచ్చుకుంటున్నట్టు.

ఆయన సంచి వచ్చేటప్పటికంటే వెళ్లేటప్పుడు బరువుగా ఉండేది. గదిలోని సబ్బులు, షాంపూ సీసాలు, టీ పొట్లాలు, పంచదార, బట్ట చెప్పులు, ఇంకా కావాలని పనివాళ్లని అడిగి తెప్పించుకున్నవి, అన్నీ అందులో వేసుకునేవాడు. బఫే నుంచి ఇడ్లీలు కాగితంలో చుట్టుకొచ్చేవాడు. ఒకసారి ఉడికించిన గుడ్లు ప్యాంటు జేబులో పెట్టుకుని, మరిచిపోయి కూర్చున్నాడు. సీటు గుడ్డకి అంటుకున్న పచ్చసొన భీముడు గోటితో గీకి తీశాడు. ఆ రోజు ఇంటికెళ్లాక అన్నం సయించలేదు. వాంతులు కడిగిన చేత్తో ఎన్నోసార్లు తిన్నవాడే, ఆ గుడ్డు గీకిన చేత్తో మాత్రం తినలేకపోయాడు.

బేబి కోర్సు అయ్యాక సర్వేశ్వరరావు ఆ అరకు హోటలు మేనేజరు మోహన్‌కృష్ణతో ఒక మాట చెప్పాడు. "మన డ్రైవరు కూతురు, నెమ్మదైన పిల్ల," అన్నాడు. పిల్ల బాగా చదువుకుంది, వాళ్లకి మనిషి అవసరం ఉంది, తీసుకున్నారు. మోహన్‌కృష్ణ మొదటి రోజే "బేబి అని చొక్కాకి తగిలించుకుంటే గెస్టులు ఏడిపిస్తారమ్మా" అని ఆ పిల్ల బిళ్ల మీద బీనా అని రాయించాడు. అది తెలిసి రత్న రెండ్రోజులు గొణిగింది. సర్వేశ్వరరావు మాత్రం ఆ తర్వాత ఎప్పుడు బండెక్కినా "మీ అమ్మాయికి ఉద్యోగం ఇప్పించాను, గుర్తుందా?" అనేవాడు. గుర్తుంది సార్ అనేవాడు భీముడు. అన్నిసార్లూ అనేవాడు.

ఆ ఏడు శ్రావణంలో ఆయన నుంచి ఫోను వచ్చింది.

"ఒరే, నా మెడపూసలు అరిగిపోయాయిరా. ఘాటెక్కితే పడిపోతానన్నాడు డాక్టరు. నెలాఖరు దాటితే పాయింట్లన్నీ పోతాయి. అన్నీ రా! నా సర్వీసంతా పోతుంది."

"అయ్యో. మరేటి సేత్తారు సార్?"

"నేను రాను. నా బదులు నువ్వు దిగు."

భీముడికి అర్థం కాలేదు. "నాను దిగడమేటి సార్? నాకు గది ఎవులిత్తారు?"

"గది నా పేరు మీదే బుక్ చేశాను, డబ్బు కూడా కట్టేశాను. సారు వెనకాల ఇంకో బండిలో వస్తున్నారు, సామాను ముందు గదిలో పెట్టమన్నారు అని చెప్పు. కౌంటర్లో ఉండేది మీ అమ్మాయే కదా. తండ్రి మాట కాదంటుందా?"

"గుంటకి అబద్ధం సెప్పమంటారా సార్?"

"అబద్ధమేముందిరా ఇందులో? మెడ బాగుంటే వచ్చేవాణ్నే కదా. దానివల్ల ఎవడికి నష్టం? డబ్బు కట్టాను, గది వాడను. హోటలు వాడికి లాభమే." ఆయన గొంతు కాస్త పెంచాడు. "ఆ ఉద్యోగం సంగతి నేను గుర్తు చెయ్యాలా నీకు?"

అవతల సర్వేశ్వరరావు జాగ్రత్తలు మొదలుపెట్టాడు.

"మంచం ఎక్కకు. దుప్పటి మాసిందంటే నా పేరు మీద రాస్తారు. టవళ్లు ముట్టుకోకు. ఆ చిన్న ఫ్రిజ్జు అసలు తెరవకు, అందులో ప్రతిదానికీ బిల్లేస్తారు. సబ్బులూ షాంపూలూ మాత్రం తీసి సంచిలో వేసెయ్యి, అవి మనవే. కాసేపు ఉండి వచ్చెయ్యి. పడుకోడానికి నీ బండి ఉండనే ఉందిగా."

ఫోను పెట్టేశాక ఆ చివరి మాట భీముడి చెవిలో చాలాసేపు ఉండిపోయింది. చెయ్యనని చెప్పాల్సింది. చెప్పలేదు. రత్నకి కూడా చెప్పలేదు.

మర్నాడు విశాఖలో ఎవరినో దించి, సర్వేశ్వరరావు ఫ్లాటుకి వెళ్లి ఒక సూట్‌కేసు తెచ్చుకున్నాడు. ఎత్తితే బరువుగానే ఉంది. దారిలో అనుమానం వచ్చి తెరిచి చూస్తే పాత పేపర్లు. నిండా కుక్కి ఉన్నాయి. సారు వస్తున్నట్టు నమ్మించడానికి. దాన్ని డిక్కీలో బకెట్టు పక్కన పెట్టుకుని, వానలో కొండెక్కాడు.

హోటల్లోకి వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. పోర్టికోలో తడిసిన చెప్పులు విప్పబోతే గుమ్మం దగ్గరున్న మనిషి వద్దన్నాడు. సూట్‌కేసు పట్టుకుని చెప్పులతోనే లోపలికి నడిచాడు. పాలరాతి మీద తన అడుగుల గుర్తులు చూసి సిగ్గుపడ్డాడు.

కౌంటర్లో బేబి ఒక్కతే ఉంది. తండ్రిని చూసి మొహం విచ్చుకుంది. "ఏటి నానా, లోపలికొచ్చినావు? సారేరి?"

"ఎనకాల వత్తన్నారు. అనంతగిరి కాడ కాఫీకి ఆగినారు. సామాను ముందు పెట్టమన్నారు."

"సారు రాకుండా గది ఇవ్వకూడదు నానా. ఆధార్ చూడాలి, సంతకం పెట్టించాలి."

భీముడు ఫోనులో సర్వేశ్వరరావు పంపిన ఆధార్ ఫోటో చూపించాడు. ఆయనకి ఫోను కలిపి కూతురి చేతికిచ్చాడు. ఆయన గొంతు బయటికి కూడా వినిపించింది. "ఘాట్‌లో ఉన్నానమ్మా, సిగ్నల్ పోతోంది, నువ్వు చెకిన్ చేసెయ్యి, సంతకం వచ్చి పెడతాను, నేనేమైనా కొత్తవాణ్నా తల్లీ..." ఆయన వెనకాల ఏదో ఇంట్లో కుక్కర్ కూత వినిపించింది. బేబి ఆ కూత విందో లేదో.

ఫోను తిరిగి ఇస్తూ తండ్రి కళ్లలోకి చూసింది. "నిజంగా వత్తన్నారా నానా?"

భీముడు పక్కనున్న పూలకుండీ వైపు చూశాడు. "వత్తన్నారు," అన్నాడు.

పిల్ల మీటలు నొక్కింది. తాళం కార్డు ఇచ్చింది.

గది తుడిచే లూర్దమ్మ వచ్చి తలుపు తీసి లైట్లు వేసి వెళ్లింది. లూర్దమ్మది భీముడి ఊరి పక్క ఊరే, ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు అతని బండిలో ఎక్కేది. ఆమె వెళ్లాక భీముడు గది మధ్యలో నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఎంతమందినో ఈ గదుల గుమ్మాల దాకా సామాను మోసి దించాడు గాని, లోపల తలుపు వేసుకుని ఒక్కడూ ఉండడం అదే మొదలు. మంచం తెల్లగా, తన ఇంటి వంటగది అంత వెడల్పుగా ఉంది. దాన్ని తాకకుండా చుట్టూ తిరిగి కిటికీ దగ్గరికి వెళ్లాడు. కింద వానలో డ్రైవర్లు బండ్లు నిలిపే చోటు కనిపించింది. తను పడుకునే మూల ఇక్కణ్నుంచి చూస్తే చెత్తకుండీ పక్కనే ఉంది. అది చెత్తకుండీ పక్కనని అతనికి తెలుసు. కాని కిటికీలోంచి చూస్తే ఇంకోలా ఉంది.

కుర్చీ అంచున కూర్చున్నాడు. బట్టలు తడిసి వణుకు పుట్టింది. స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పి చెయ్యి పెట్టాడు. వేడినీళ్లు. ఇంకా తిప్పితే ఇంకా వేడి. ఆ ఒక్కదానికి ఆగలేకపోయాడు. బట్టలు విప్పి ఆ నీళ్ల కింద నిలబడ్డాడు. ఘాటు రోడ్డు మీద ఎముకల్లోకి దిగిన చలి అంతా కరిగి కాళ్ల మీదుగా పోతున్నట్టుంది. టవలు ముట్టుకోలేదు. తన తువ్వాలుతోనే తుడుచుకుని, దాంతోనే నేల కూడా పొడిగా తుడిచాడు.

తర్వాత సబ్బులు తీసి సంచిలో వేశాడు. ఒక్కొక్కటి ఎంత చిన్నదో. వేలెడంత సబ్బు. వీటి కోసం ఒక పెద్దమనిషి పాత పేపర్లు సూట్‌కేసులో కుక్కి పంపాడు, వీటి కోసం నేను నా గుంట మొహం చూడకుండా అబద్ధం ఆడాను అనుకునేసరికి అతనికి తన ఒంటి మీది సబ్బు వాసన కూడా కంపు కొట్టింది.

తలుపు చప్పుడైంది. లూర్దమ్మ నీళ్ల సీసాలు పట్టుకుని లోపలికొచ్చింది. తడిసిన అతని జుట్టు చూసింది, నలగని మంచం చూసింది. "ఏటి భీముడూ, సారు ఇంకా రానేదేటి?"

భీముడు సబ్బుల సంచి మూతి ముడేశాడు.

"రారా?"

తల అడ్డంగా ఊపాడు.

"మరి మంచం మీద కూకోనైనా కూకోనేదేటి?"

"వద్దన్నారు."

లూర్దమ్మ ఒక్క క్షణం అలాగే చూసి, "ఛీ!" అంది. ఎవరినన్నదో భీముడికి తెలియలేదు. ఆమె సీసాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

చీకటి పడకముందే అతను గది దిగి బండిలోకి వెళ్లిపోయాడు. పొద్దున్న తాళం కార్డు ఇచ్చేసి, సారు ఆలస్యంగా వచ్చి పడుకున్నారని, బేగి లేచి వెళ్లిపోయారని చెప్పాడు. అప్పుడు కౌంటర్లో ఉన్నది వేరే అబ్బాయి. కాని అదే మాట ఇంటికెళ్లి బేబికి కూడా చెప్పాల్సి వచ్చింది. "సంతకం పెట్టకుండానే ఎల్లిపోనారా?" అని ఆ పిల్ల బెంగపడింది. "పెద్దోలు, మరిసిపోనారేమో," అన్నాడు.

మధ్యాహ్నానికి సర్వేశ్వరరావు ఫోను చేశాడు. "పడ్డాయిరా! ఇంకో ఏడాదికి ఢోకా లేదు. సబ్బులు జాగ్రత్తగా పెట్టు, వచ్చినప్పుడు ఇద్దువుగాని."

కొన్ని వారాలకి హోటళ్ల గ్రూపు పెద్దాఫీసు నుంచి విచారణ వచ్చింది. మనుషులు రాకుండానే బస చేసినట్టు రాయించుకుంటున్నారని వాళ్లకి అనుమానం పుట్టి, కొన్ని హోటళ్లలో కెమెరా బొమ్మలు తెప్పించి చూస్తున్నారట. సర్వేశ్వరరావు గదిలోకి సర్వేశ్వరరావు వెళ్లడం ఏ కెమెరాలోనూ లేదు. ఆయన్ని అడిగారు.

మోహన్‌కృష్ణ భీముడినీ బేబినీ తన గదికి పిలిపించాడు. కంప్యూటరు వాళ్ల వైపు తిప్పాడు. తడి జుట్టుతో, భుజాన తువ్వాలుతో గది తలుపు మూసుకుని వస్తున్న భీముడు అందులో కనిపించాడు. అటూ ఇటూ చూస్తూ, దొంగలాగే ఉన్నాడు.

"సర్వేశ్వరరావు గారు మెయిలు పెట్టారు," అన్నాడు మోహన్‌కృష్ణ. "బయల్దేరారట. దారిలో మెడనొప్పి ఎక్కువై వెనక్కి వెళ్లిపోయారట. గది రద్దు చెయ్యమని ఈ అమ్మాయికి ఫోనులో చెప్పారట. ఈ అమ్మాయి రద్దు చెయ్యకుండా వాళ్ల నాన్నకి గది ఇచ్చిందట. అలా రాశారు."

భీముడు లేచి నిలబడ్డాడు. "నేదు సార్! ఆయనే దిగమన్నారు. పాయింట్లు పోతాయని. ఇదిగో, ఆధార్ నాకే పంపినారు. సూట్‌కేసు నిండా పేపర్లెట్టి ఇచ్చినారు."

"ఫోటో పంపారు సరే. ఏమని పంపారో ఇందులో లేదు కదా?"

"తానం సేసినాను సార్. ఏడినీళ్లు వచ్చినాయి, చలేసి సేసినాను. అంతే. మంచం ముట్టుకోనేదు."

కూతురి ఎదుట ఆ మాట చెప్పాల్సి రావడం అతన్ని చెంప మీద కొట్టినట్టైంది. బేబి అప్పుడు తండ్రి వైపు తిరిగింది.

"ఎనకాల వత్తన్నారన్నావు నానా."

"అన్నాను."

"రారని తెలుసా నీకు?"

"తెలుసు."

ఆ పిల్ల మొహం తిప్పుకుంది. లూర్దమ్మ ఎక్కడ విన్నదో గాని, పిలవకుండానే తలుపు తోసుకుని వచ్చింది. "సార్, ఆ మంచం మీద ముడత కూడా నేదు. గది వాడుకున్నోలు మంచమెక్కరేటి సార్? పాయింట్ల ముసలాయన పనే..."

"నీ పని నువ్వు చూసుకో లూర్దమ్మా," అన్నాడు మోహన్‌కృష్ణ. ఆమె వెళ్లాక తలుపు వేసి వచ్చి గొంతు తగ్గించాడు. "చూడమ్మా, అబద్ధం ఎవరు ఆడుతున్నారో నాకు తెలియదా? తెలుసు. కాని ఆయన గోల్డ్ మెంబరు. పెద్దాఫీసుకి నేను ఎవరో ఒకరి పేరు రాయాలి. ఆయన పేరు రాయలేను."

బేబి బిళ్ల తీసి బల్ల మీద పెట్టింది. లేచి వచ్చేసింది. సర్వేశ్వరరావుకి జరిగిన అసౌకర్యానికి మన్నించమని హోటలు వాళ్లు ఉత్తరం రాశారని, పాయింట్లు పోకుండా గడువు పెంచి పైన మరికొన్ని ఇచ్చారని తర్వాత లూర్దమ్మే చెప్పింది.

ఇంట్లో రత్న అరవలేదు. అరిస్తే బాగుండేది. అన్నం కంచం భీముడి ముందు పెట్టి, తను దూరంగా గుమ్మంలో కూర్చునేది. బేబి పెరట్లో రాతి మీద కూర్చుని, ఎదుటి కొండ మీది పొగమంచు చూస్తూ ఉండేది. తండ్రి వస్తే లేచి లోపలికి పోయేది. అలా చాలా రోజులు గడిచాక ఒక పొద్దున్న బండి తుడుస్తున్న భీముడి దగ్గరికి వచ్చి నిలబడింది.

"నన్ను ఆయన కాడికి తీసుకుపో."

"ఎందుకే గుంటా? ఆడి మొహం సూడక్కర్నేదు."

"నాను సూడాల."

దారి పొడుగునా ఆ పిల్ల వెనక సీట్లో కూర్చుంది, కిరాయి మనిషిలా.

సర్వేశ్వరరావు మెడకి పట్టీ పెట్టుకుని తలుపు తీశాడు. ఒక్క క్షణం తడబడినా నవ్వేశాడు. "రండి రండి. ఏమమ్మా, బాగున్నావా? ఏదో అలా జరిగిపోయింది. కూర్చోండి, కాఫీ తాగుదురుగాని." ఆయన భార్య రెండు కప్పులు తెచ్చి పెట్టింది. కప్పుల పక్కన హోటలు పేరున్న పంచదార పొట్లాలు. ఆవిడ వాళ్ల మొహాలు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆ హాలులో గాజు బీరువా ఒకటుంది. అందులో బొమ్మలు ఉండాల్సిన చోట వరసగా షాంపూ సీసాలు, సబ్బులు, టూత్‌పేస్టు గొట్టాలు, తలకి పెట్టుకునే ప్లాస్టిక్ టోపీలు. కొన్ని సీసాల్లోది పచ్చగా మారి, మూతల చుట్టూ జిడ్డు కారి గట్టిపడింది. గదంతా పాత సెంటు వాసన, దాని అడుగున ఏదో మురిగిన వాసన.

బేబి ఆ బీరువా చూస్తూ అడిగింది. "సార్, ఆ పాయింట్లన్నీ పెట్టి మీరు ఎక్కడికైనా వెళ్లారా ఎప్పుడైనా?"

"ఎక్కడికమ్మా?"

"ఎక్కడికైనా. మీరూ మేడం గారూ."

సర్వేశ్వరరావు ఆ పిల్లని తెలివితక్కువదాన్ని చూసినట్టు చూశాడు. "వాడితే తగ్గిపోతాయి కదమ్మా."

లోపలి గదిలో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. సర్వేశ్వరరావు ముందుకి వంగి బేబి చేతి మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆ పిల్ల చెయ్యి లాక్కుంది. "చూడు, నాకూ బాధగానే ఉంది. నిజం చెప్పేస్తే నా ఖాతానే మూసేసేవాళ్లు. నీకు చిన్న వయసు, ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. నాకు మళ్లీ ఎక్కడ దొరుకుతాయి ఇన్ని పాయింట్లు? ఒక పని చేద్దాం. ఈ కొత్తగా ఇచ్చినవి ఉన్నాయిగా, వాటితో ఒక గది బుక్ చేస్తాను. నువ్వూ, మీ అమ్మా, నాన్నా, ముగ్గురూ వెళ్లి హాయిగా పడుకోండి. అరకు హోటల్లోనే. నాకూ ఈ ఏటి బస లెక్కలో పడుతుంది."

భీముడు అప్పటిదాకా నిలబడే ఉన్నాడు. అతని కాఫీ మీద మీగడ కట్టింది. ఇన్నేళ్లలో ఆయన్ని సార్ అనకుండా ఒక్క మాట మాట్లాడి ఎరగడు.

"నీకు సిగ్గు నేదు," అన్నాడు. "నువ్వు మనిసివి కాదు."

"ఏంట్రా అన్నావు?"

"నువ్వు మనిసివి కాదన్నాను. నువ్వు సెప్పింది ఇని నా గుంటకి అబద్ధం సెప్పినాను, నానూ మనిసిని కాదు. కాని నువ్వు నాకంటే కుళ్లిపోనావు." ఆ రోజు గదిలోంచి తీసిన సబ్బుల సంచి వస్తూ వెంట తెచ్చాడు, దాన్ని సోఫా మీద బోర్లించాడు. వేలెడేసి సబ్బులు దొర్లి ఆయన ఒళ్లో పడ్డాయి, కొన్ని సోఫా కిందికి పోయాయి. వాళ్లు తలుపు దాటి మెట్ల మీదికి వచ్చేసరికి సర్వేశ్వరరావు నేల మీద మోకాళ్ల మీద వంగి, మెడ పట్టుకుని మూలుగుతూ, సోఫా కిందికి చెయ్యి పెట్టి వాటిని ఏరుకుంటున్నాడు. బేబి వెనక్కి తిరిగి అది చూసింది. వచ్చేటప్పుడు ఆ పిల్ల ముందు సీట్లో కూర్చుంది. మాట్లాడలేదు గాని ముందు కూర్చుంది.

ఆ నెల్లోనే బేబి కురుపాంలో మేనత్త ఇంటికి వెళ్లిపోయింది. అక్కడ జీడిపప్పు ఒలిచే కార్ఖానాలో ఆఫీసు పని దొరికింది. హోటలు పనికి మళ్లీ పోనంది. సాయంత్రాలు ఇంటికి ఫోను చేస్తుంది. "ఎక్కడున్నావు నానా?" అని అడుగుతుంది, అతను చెప్పింది వింటుంది, తర్వాత "అమ్మకియ్యి" అంటుంది. రత్న ఫోను తీసుకున్నాక, "నాన ఇంట్లోనే ఉన్నాడా?" అని ఆ పిల్ల మళ్లీ అడగడం భీముడికి పక్కనుంచి వినిపిస్తుంది. ఆ ఒక్క ప్రశ్న అతన్ని తినేస్తుంది. అడగొద్దని చెప్పే హక్కు తనకి లేదని తెలుసు.

కారు అమ్మేశాడు. పాత పికప్పు ఒకటి కొన్నాడు. ఇప్పుడు అరకు సంతలో కేబేజీ, అల్లం, చిక్కుడుకాయలు ఎక్కించుకుని విశాఖ రైతుబజారులో దించుతాడు. మనుషుల్ని ఎక్కించుకోడు. తోటి డ్రైవర్లు కిరాయికి రమ్మంటే, "కేబేజీ నాతో అబద్ధం ఆడమనదు," అంటాడు. వాళ్లు నవ్వుతారు. అతను నవ్వడు. పర్యాటకుల కార్లు పక్కనుంచి పోతుంటే ఇప్పటికీ మొహం తిప్పుకుంటాడు. ఏ హోటలు ముందు నుంచి పోయినా ఆ సబ్బు వాసన ముక్కులోకి వచ్చి ఉమ్మేస్తాడు. అది పోదు, పోయేలా కూడా లేదు అని రత్నతో అంటాడు.

మరుసటేడు వానల్లో ఒక శుక్రవారం, సంత గోలలో పికప్పుకి మూటలు ఎక్కిస్తుంటే వెనక నుంచి పిలుపు వినిపించింది. "ఒరే భీముడూ!"

సర్వేశ్వరరావు. మెడకి పట్టీ, చేతిలో గొడుగు, భుజాన ఖాళీ సంచి. రైల్లో వచ్చాడట. డాక్టరు రైలైతే ఫరవాలేదన్నాడట. స్టేషను నుంచి హోటలుకి ఆటోవాళ్లు ఎక్కువ అడుగుతున్నారట.

"ఇంకా కోపమేనా నీకు? వదిలెయ్యరా. నన్ను ఇప్పుడు ప్లాటినం చేశారు తెలుసా? ఇక రెండేళ్లకి ఒకసారి వస్తే చాలు." ఆయన మొహం నిజంగా వెలిగిపోతోంది. "మీ అమ్మాయి ఎలా ఉంది? సరే, వాన పెద్దదవుతోంది. హోటలు దాకా దింపు."

"మనుసుల్ని ఎక్కించుకోను."

"వెనకాల కాదురా. ముందు సీటు ఖాళీగానే ఉందిగా?"

భీముడు ఆయన వైపు చూడకుండా వంగి, బురదలో ఉన్న కేబేజీ మూట భుజానికెత్తుకున్నాడు. ముందు తలుపు తీసి దాన్ని సీటు మీద కుదేశాడు. మట్టినీళ్లు సీటు మీదుగా కారాయి. తలుపు వేసి, ఇంకో మూట కోసం సంతలోకి నడిచాడు.